తడిపి దించండి

ప్రొద్దుటూరు, బజారు వెనక సందు.
ఒకప్పటి వేరుశనగ నూనె మిల్లు,
ఆ తర్వాత చీరల గోడౌను,
వచ్చే శ్రావణానికి మూడంతస్తుల షోరూము.
అడ్డమల్లా ఒకటే, నలభై ఏండ్ల రేకుల కప్పు.
పావురాల రెట్ట, ఎండిన నాచు,
పగిలిన చోటల్లా తారు అతుకు.

"సమ్మెట ఏస్తే గంట పని" అన్నాడు ఓబులేసు.
"గంట కాదు, ముప్పై ఏండ్ల పని.
నీ రొమ్ములోపల జరుగుతా ఉంటాది" అన్నాను.
నవ్వినాడు.
సూపర్‌వైజర్లకు చదువెక్కువని వాని నమ్మకం.

చదువు కాదు.
మా నాయన దూదేకుల హుస్సేనప్ప.
పరుపులు తక్కువై, విల్లు అటకెక్కించి
పులివెందుల దిక్కు రాతినార గనికి పోయినాడు.
ఆడా అదే పనిరా అనేవాడు,
రాయిని కొడితే దూది వస్తాది,
పట్టుకుచ్చు మాదిరి మెత్తన.
ఒక పోగు తెచ్చి నా చేతిలో పెట్టినాడు.
బడిలో అగ్గిపుల్ల గీసి చూపించినాను.
కాలలేదు.
అయివారు అందరి చేత చప్పట్లు కొట్టించినాడు.

మాయమ్మ కాశీంబీ గని మొగం చూడలేదు.
రోజూ మాపటేళ నాయన చొక్కా
గడప కాడ విదిలించేది, రెండు దెబ్బలు.
ఏటవాలు ఎండలో ఆ దుమ్ము తళుక్కుమనేది.
చూడను బాగుండేది, అబద్ధమెందుకు.

కర్నూలు పెద్దాసుపత్రిలో అడిగినారు:
బీడీ తాగుతుందా? పొగాకు?
వక్క కూడా కొరికి ఎరగదు మాయమ్మ.
డాక్టరు ఫిల్మును వెలుగుకు పట్టినాడు.
ఊపిరితిత్తుల అంచున సున్నం పెళ్లలు.
నాకు మాత్రం ఆ ఫిల్ములో
గడప కాడ దులుపుతున్న చొక్కా కనపడింది.

అందుకని లీలావతమ్మగారూ,
మీరు ఎర్రసిరాతో కొట్టేసిన వరుసలకు
ఇదీ నా జవాబు.
నీళ్ల ట్యాంకర్లు దండగ కాదు,
తడిసిన దుమ్ము ఎగరదు.
బోల్టులు కొయ్యకుండా ఒక్కొక్కటే విప్పను
ఇంకో రెండు దినాలు పడతాది.
మూతికి తువ్వాల చాలదు, అసలైన మాస్కే కావాల.
రేకులకు మందం ప్లాస్టిక్కు రెండు చుట్లు,
పైన తెలుగులోనే రాయిస్తాను,
మోసేవానికి అర్థం కావాల గదా.

పెన్నలో పారబోసి రమ్మన్నారు,
నీళ్లే లేవు, ఎవరికి నష్టమని.
గాలి ఉందమ్మా పెన్నలో.
అనుమతి ఉన్న లారీ, అనుమతి ఉన్న గుంత,
ఇచ్చినవాని సంతకం, పుచ్చుకున్నవాని సంతకం.
చట్టానికి భయపడి కాదు గానీ
భయపడినా తప్పులేదు.

వెనక గదిలో పాత బాయిలరు గొట్టానికి
చుట్టిన చుట్టు చెక్కుచెదరలేదు.
దాన్ని కదిలించం. రంగేసి, గుర్తు పెట్టి
రిజిస్టరులో రాసి పెడతాను.
పదేండ్లకు ఏ ఏసీ పిల్లోడో వచ్చి
డ్రిల్లు ఆనించే ముందు
ఆ పేజీ తెరవాల.

కసువు ఊడ్చే మారెక్క అడిగింది,
"రెండు రేకులియ్యన్నా, ఎనుముల కొట్టానికి."
లేదన్నాను.
నేను పండుకునేదీ అట్లాంటి రేకుల కిందే.
ఆ మాట ఆమెకు చెప్పలేదు.

సాయంత్రం ఆఖరి రేకు దిగింది,
తడి గోనెలా, చప్పుడు లేకుండా.
తెల్ల తొడుగులన్నీ సంచిలో మూట కట్టినాం.
ఓబులేసు తన చొక్కా తీసుకొని
గేటు కాడ అలవాటుగా పైకెత్తినాడు.
నా దిక్కు చూసినాడు.

ఏమీ అనలేదు నేను.
వాడే బకెట్టు దగ్గరికి పోయి
దాన్ని నీళ్లలో ముంచినాడు.