ఎముక బిళ్ల

మా నెఖెన్‌లో అప్పట్లో డేగంటే డేగే.
బాతుపిల్లను తన్నుకుపోయేది,
మేం రాళ్లు రువ్వేవాళ్లం.

ఏరు పొంగి తీశాక
ఎవరి గట్టు ఎక్కడో ముసలి మెరెత్ చెప్పేది,
బురద తొక్కి, పిడికెడు వాసన చూసి.
ఆమె మాటకు ఎదురాడినవాడికి
ఆ రాత్రి ఏ ఇంటా రొట్టె పుట్టేది కాదు.
అంతే మా చట్టం.

తర్వాత పడవ వచ్చింది,
కొయ్య కొసన డేగబొమ్మతో.
వాళ్ల గాడిద దిగనని మొరాయిస్తే
రేవంతా నవ్వాం.
ఆ తర్వాతా నవ్వాంలెండి,
కాకపోతే చుట్టూ చూసుకుని.

నేను బార్లీ బీరు కాచేదాన్ని.
"ఎన్ని కుండలు?" అన్నాడు ఇతెఫ్ అనేవాడు.
"దప్పిక ఉన్నన్ని" అన్నాను.
వాడు నవ్వలేదు. గీశాడు:
ఒకటికి గీత, పదికి వంపు,
నూటికి తాడుచుట్ట.
నా కుండలు తాడుచుట్ట దాకా ఎక్కాయి.
అబద్ధమెందుకు, కాస్త పొంగిపోయాను కూడా.

ప్రతి కుండ మెడకీ ఒక ఎముక బిళ్ల,
బొటనవేలి గోరంత.
చిల్లు, నారదారం, డేగ.
"ఎవరిదీ కుండ?"
"ఆయనది."
"మన్ను తొక్కింది ఆయనా?"
ఇతెఫ్ నేల చూపులు చూశాడు.

ఏరు ముఖం చాటేసిన ఏడు
గాదె తలుపు తీశారు.
మా బార్లీ మాకే కొలిచి పోశారు.
జనం మోకాళ్ల మీద పడ్డారు, నేనూ పడ్డాను.
ఆకలికి మోకాళ్లుంటాయి.
మెరెత్ ఒక్కతే నిలబడి
గింజ కొరికి చూసి
"ఇది మన దిగువ చేనుది" అంది.
మరుసటేడు గట్లు చెప్పడానికి
తాళ్లు పట్టుకుని వేరేవాళ్లొచ్చారు.

ఆయన పోయాడు.
ఇసుకలో గదులు కట్టారట, మెట్ట దేశంలో, అబ్జు దగ్గర.
నా కుండలన్నీ పడవెక్కాయి.
వాటితో మా చిన్నాడు ఖెనూ.
నురుగు తీయడంలో వాడి చెయ్యి తిరుగులేనిది,
అక్కడా ఆయనకు దాహమేస్తుంది కదా అన్నారు.
తెడ్లు కదిలాక కనిపించింది
వాడి మెడలో నారదారం.

పొద్దున మళ్లీ బాతుపిల్ల పోయింది.
ఎవరూ రాయి తీయలేదు.
నేను వంగాను.
చేతికి తగిలింది రాయి కాదు,
ఇతెఫ్ తప్పు గీసి పారేసిన బిళ్ల.
డేగకు ముక్కు లేదు.

ఒడిలో వేసుకుని
పొయ్యి దగ్గరికి నడిచాను,
పులిసిన పిండి పొంగిపోతోంది.