వలుగ

పొందూరు స్టేషన్ రోడ్డులో
సిమెంటు కొట్టు మీద గది.
మెట్లెక్కేసరికే పాదాలకి బూడిదరంగు.
శనివారం రాత్రి తొమ్మిదికి ఒకరొకరుగా చేరతాం:
కరెంటాఫీసు నుంచి నేను,
సెల్లు రిపేరు షాపు కట్టేసి కూర్మారావు,
పాలిటెక్నిక్‌లో లెక్కలు చెప్పే హైమావతి,
ఆమదాలవలస నుంచి ఆఖరి ప్యాసింజర్‌లో
జంతికల పొట్లంతో ముఖలింగం.

జీతం లేదు, గడువు లేదు,
చెయ్యమని ఎవరూ అడగలేదు.
ఉన్న భాషల్లో మెత్తనిది నడవదు,
నడిచేది కరుస్తుంది.
మాకు కావలసింది
రాస్తున్నప్పుడు మాటలా ఉండి
పరిగెత్తేటప్పుడు ఎముకలా ఉండేది.

పేరు కోసం మూడు వారాలు కొట్టుకున్నాం.
ముఖలింగం "మెరుపు" అన్నాడు.
ఆ పేరుతో అగ్గిపెట్టె ఉందంది హైమావతి.
చివరికి కూర్మారావు జేబులోంచి
వాళ్ళమ్మ వలుగ చేప దవడ తీశాడు.
పత్తిని దువ్వి, నలక తీసి,
పోగుకి దారిచ్చే సన్నటి పళ్ళు.
"మన కంపైలర్ సేసేదీ ఇదే కదేటి?"
మానిటర్ పైన మేకు కొట్టి వేలాడదీశాం.

మెమరీ దగ్గర ఏడాది ఆగిపోయాం.
తీసుకున్న చోటుని ఎవరు వదలాలి, ఎప్పుడు?
గోడ మీద హైమావతి ఎప్పుడో బొగ్గుతో రాసిపెట్టింది:
నీ గ్లాసు నువ్వే కడుగు.
ఇంకొకరికి ఇచ్చేస్తే వాళ్ళే కడగాలి.
ఒక గ్లాసులో ఇద్దరు పొయ్యొద్దు.
ఓ రాత్రి ఆ గోడకేసి చూస్తూ
టీ చల్లారబెట్టుకున్నాను.
మర్నాటికి అదే భాషకి చట్టమైంది.
ఇప్పటికీ తప్పు రాస్తే వలుగ అంటుంది,
"బావూ, పదిహేడో వరసలో గ్లాసు కడగనేదు."

ఫిబ్రవరిలో పరుగు పరీక్ష.
వంద కోట్ల సార్లు తిరిగే లెక్క.
సీ భాషకి రెండు సెకన్లు పట్టింది.
వలుగకి, ఎంటర్ మీంచి వేలు లేచేలోపే అయిపోయింది.
ముఖలింగం గంతేశాడు,
కింద సిమెంటు కొట్టాయన కర్రతో సీలింగు పొడిచాడు.
హైమావతి మాత్రం కుర్చీ ముందుకి జరుపుకుంది.
యంత్రానికి అందిన ఆజ్ఞల్ని విప్పి
ఒక్కొక్కటీ వేలుపెట్టి చదివింది.
ఆ లెక్క అందులో లేనే లేదు.
జవాబు ఎవరికీ అక్కర్లేదు కదా అని
తిరుగుడంతా నలక కింద దువ్వి పారేసింది వలుగ.
"చెయ్యని పని," అంది హైమావతి,
"ఎప్పుడూ తొందరగానే అవుద్ది."

జవాబు చూపించమని ఒక్క వరస కలిపాం.
రెండున్నర సెకన్లు.
ఆ అంకెనే బొగ్గుతో గోడకెక్కించాం.
సున్నం వేసినప్పుడు కూడా ఆ మేర వదిలేశాం.

అన్నాళ్ళూ వలుగని యంత్రానికి చెప్పింది
వేరే భాషలో రాసుకున్న అరువు చెయ్యి.
వలుగని వలుగలోనే తిరగరాయడానికి
రెండు వానాకాలాలు పట్టింది.
అరువు చెయ్యి మొదటిదాన్ని కట్టింది.
మొదటిది రెండోదాన్ని కట్టింది.
రెండోది మూడోదాన్ని కడుతుండగా
కరెంటు పోయింది, అందరూ నాకేసి చూశారు.
ఇన్వర్టర్ కీచుమంటోంది.
గూడ్సు బండి పోతుంటే
కడిగి బోర్లించిన గ్లాసులు వణికాయి.
రెండోదీ మూడోదీ పక్కపక్కన పెట్టి
బైటు బైటూ పోల్చాం.

తేడా లేదు.

ఎవరూ అరవలేదు.
జంతిక విరిగిన చప్పుడు ఒక్కటే వినబడింది.
కాసేపటికి హైమావతి
అరువు చెయ్యి ఉన్న ఫోల్డరు చెరిపేసింది.

తెల్లారకముందే కూర్మారావుకి ఫోను.
"ఒరే, నా దవడేదిరా?
నాలుగేళ్ళయి పక్కింటోల దాంతో దువ్వుతన్నాను.
రేపు పత్తొస్తాది."
అంత చట్టం రాసుకున్న గదిలో
తిరిగివ్వనిది అదొక్కటే.
మేకు మీంచి తీసి, చొక్కా అంచుతో తుడిచి
గబగబా మెట్లు దిగిపోయాడు.

మేకుకి ఇప్పుడు
గది తాళం వేలాడుతోంది.