శివారు చేను

నూకరత్నం పిల్లాణ్ణి తెచ్చింది.
తొమ్మిదో నెల.
చీమ కుట్టినంతే, అని వేలు పొడిచాను.
వాడు ఏడవలేదు.
నాకు అదే నచ్చలేదు.

"నిదానస్తుడండి, వాళ్ళమ్మ లాగే" అంది పళ్ళాలమ్మ,
రొయ్యల షెడ్డు చేతులు కొంగుకి తుడుచుకుంటూ.
చుక్క రక్తం తాగి, కాసేపు ఆలోచించి
యంత్రం ఎనిమిది పాయింట్ ఒకటి అంది.

ఈ అంకె కింద ఇంకో అంకె ఉంది.
వరద తాగి ఉబ్బిన పాత రిజిస్టరులో, నా దస్తూరీలో:
పళ్ళాలమ్మ కూతురు, పది నెలలు, ఆరు పాయింట్ ఎనిమిది.
పక్క గడిలో, సిరప్ లేదు.
పై నెల, లేదు.
ఆ పై నెల, లేదు.
ఏటిగట్టు తెగిన ఏడు అది.
పడవల మీద బియ్యం వచ్చాయి, కొవ్వొత్తులొచ్చాయి,
బ్లీచింగు బస్తాలొచ్చాయి.
ఇనుము రాలేదు.
పిల్ల మాత్రం వెతుక్కుంది,
గట్టు మట్టి గోళ్ళతో గీరి తినేది.
చేతిమీద కొట్టింది నేనే.

నాలుగో నెల సీసా వచ్చింది.
పళ్ళు నల్లబడ్డాయి, పెదాలు ఎర్రబడ్డాయి.
పదకొండు అని రాసి, కింద రెండు గీతలు గీసి
గెలిచాననుకున్నాను.

బళ్ళో ఏడో ఎక్కం దగ్గర ఆగిపోయేదట.
ఇప్పుడు షెడ్డులో తట్టకో బొగ్గుగీత
గోడమీద గీసుకుంటుంది.
లెక్క తప్పదు.

అమలాపురం ట్రైనింగులో డాక్టరమ్మ చెప్పింది:
ఇనుము చాలనప్పుడు ఒళ్ళు ముందు రక్తానికే పెడుతుంది,
మెదడు వంతు ఆఖర్న.
నా పెన్ను అక్కడ ఆగిపోయింది.

మా నాన్న రెండెకరాలూ శివారే.
పై ఊళ్ళన్నీ తాగాక
మా బోదెకి వచ్చేది నాచు.
తడి అందాల్సిన పది రోజులూ దాటాక నీళ్ళొస్తే
ఆకు పచ్చబడేది, దారినపోయేవాళ్ళు బాగుందనేవారు.
నాన్న దుబ్బుని పిడికిట పట్టుకుని
పిలకలు లెక్కపెట్టేవాడు.
ఏమీ అనేవాడు కాదు.

నూకరత్నంలో ఎన్ని పిలకలు పోయాయో
నా యంత్రం చెప్పదు.
పోలేదేమో కూడా.
పొయ్యి పొగ, తండ్రి తాగుడు, మాస్టారి బెత్తం,
వాటి వంతు వాటికి ఉంటుంది.
నాకు కనపడేవి ఆ మూడు "లేదు"లే,
నా చేత్తో రాసినవి కాబట్టి.

అరవై దాటి, మనిషి పేరు కోసం తడుముకునే నాడు
ఆ మూడు నెలలూ మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడతాయా?
అడిగాను.
ఇంకా చూస్తున్నారు, అంది డాక్టరమ్మ.

ఈసారి బీరువాలో సీసా ఉంది.
టీ నీళ్ళు పట్టకు. తోటకూర పప్పులో నిమ్మచెక్క పిండు.
ముల్లు తీసి చేప మెత్తగా మెదుపు.
దొడ్డికి నల్లగా వెళ్తే భయపడకు.
మళ్ళీ చెప్పమంటే రెండు మర్చిపోయి
తల దించుకుంది.
సీసా అట్టపెట్టె చింపి చేతికిచ్చాను,
మందు పోసినప్పుడల్లా ఓ గీత గియ్యి, నీ పద్ధతే.

నెలకి అట్ట తెచ్చింది.
ముప్పై బొగ్గుగీతలు.
మధ్యలో ఒకచోట చెరిపి, మళ్ళీ గీసింది.

వేలు పొడిచాను.
సబ్ సెంటర్ రేకులు అదిరేలా ఏడ్చాడు.
పళ్ళాలమ్మ కంగారుపడి ఎత్తుకోబోయింది.
ఉండు, అన్నాను.
యంత్రం అంకె చూపిస్తూనే ఉంది,
రాయకుండా
కాసేపు వింటూ కూర్చున్నాను.