చీకటి పద్దు

పంచాయతీ లెక్కల పుస్తకంలో
మంచినీళ్ళకు పద్దు ఉంది, మురుగుకు ఉంది,
కుక్కల బెడదకు కూడా ఉంది.
చీకటికి లేదు.
ఆడిట్ వాళ్ళ అభ్యంతరం అదే.

జవాబుకి పదిహేను రోజులు గడువిచ్చారు.
నేను కార్యదర్శిని. రామచంద్రపురం మనిషిని.
ఉప్పుగాలికి స్టాప్లర్ పిన్నులు తుప్పుపట్టే ఈ పోటుమొగకి
బదిలీ మీద వచ్చి రెండేళ్ళు.
ఇక్కడ గౌతమి ఊరికే సముద్రంలో కలవదు,
రోజుకు రెండుసార్లు పోట్లాడి వెనక్కి వస్తుంది.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

డిసెంబరు గ్రామసభకు నలభై ఒక్కమంది వచ్చారు.
అటవీశాఖ కుర్రాడు బల్లమీద మ్యాపు పరిచాడు.
మడ అడవి ఆకుపచ్చ, అభయారణ్యం గీత ఎరుపు,
మా ఇసుక గీతకు ఇవతల, ఏ రంగూ లేకుండా.
"తాబేళ్ళు గీత చూసుకుని గుడ్లు పెట్టవు కదండీ" అన్నాడు.
ఎవరూ నవ్వలేదు.
"మరి డబ్బులో?" అంది సర్పంచి రేకాడి మాణిక్యాంబ.
కుర్రాడు మ్యాపు చుట్టేశాడు.

నిరుటి సంగతి అందరికీ తెలుసు.
గుడ్డులోంచి వచ్చిన పిల్లకి
ఎక్కడ వెలుగుంటే అదే సముద్రం.
ఒడ్డు పొడుగునా మేం పన్నెండు సముద్రాలు పాతాం,
ఒక్కోటి ఒక్కో స్తంభం మీద.
తెల్లారేసరికి ఏడో స్తంభం మొదట్లో
ఎవరో సంచి చిరిగి చిల్లర ఒలికినట్టు
ఎండిపోయి ఉన్నాయి.
కొన్నిటి మీంచి ఐసు లారీ వెళ్ళింది.

మాణిక్యాంబ కరెంటు బిల్లు తెమ్మంది.
కళ్ళజోడు లేదు, నన్నే చదవమంది.
"ఆర్పేస్తే ఎంత మిగులుద్ది?"

ఆర్పేస్తే అనగానే ఓలేటి నూకరత్నం లేచింది.
"ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని
ఆఖరి ఆటో దిగేది నేను.
తాబేలు పిల్లకి దారి కావాలి సరే,
ఆడమనిషికి అక్కర్లేదా?"

సభ ఆగిపోయింది.
బయట పాటు మొదలై
బురదలో పీతల చప్పుడు వినబడేంతసేపు.
నాకు తీర్మానం రాయడం వచ్చు గాని
ఈ ప్రశ్నకు గడి ఏదో తెలియలేదు.

చివరికి ఆటో స్టాండు దగ్గర దీపం ఉంచాం,
రేకు గొడుగు వేసి, వెలుగు నేలమీదే పడేట్టు.
ఆటో కుర్రాళ్ళు నూకరత్నాన్ని గుమ్మందాకా దింపాలి.
ఇది మినిట్సులో ఉంది. దింపుతున్నారా అంటే,
కొన్ని రోజులు దింపారు.

మిగతా పదకొండు దీపాలు, జనవరి నుంచి మే దాకా,
నెలకు మూడువేల ఆరువందల నలభై.
మొత్తం పద్దెనిమిది వేల రెండు వందలు.
అందులో కాపలాకి రాత్రికి వంద చొప్పున, పదిహేను వేలు.
వెదుళ్ళకు, పాతవల కంచెకు మిగతాది.

కాపలా కామాడి సింహాద్రి.
భార్య పోయినప్పట్నుంచి నిద్ర పట్టదు ఆయనకి.
"ఎలాగూ మెలకువే కదండీ,
వంద ఎందుకు?" అన్నాడు మొదట.
మర్నాడు వచ్చి, "ఇవ్వండి, టీ ఖర్చులుంటాయి" అన్నాడు.

వేలిముద్ర వోచర్లు నూట యాభై జతచేశాను.
గూళ్ళు అరవై మూడు.
రెండు నక్కలు తవ్వేశాయి, ఒకటి అల తీసుకుపోయింది.
సముద్రం చేరిన పిల్లలెన్ని అని మీరడిగారు.
అయ్యా, సముద్రం రసీదు ఇవ్వదు.

ఆ ఖర్చు "ఇతరములు" కింద చూపమని
మండలాఫీసులో సలహా ఇచ్చారు.
చూపలేదు. కొత్త గీత గీసి
చీకటి అని రాశాను, నా దస్తూరీతోనే.
తప్పయితే నా జీతంలో కోసుకోండి.

జవాబులో రాయనిది ఒకటుంది.
ఏప్రిల్లో ఒక రాత్రి తనిఖీకని వెళ్ళాను.
ఫోను వెలుగు కూడా వద్దన్నాడు సింహాద్రి.
చెప్పులు విప్పి నిలబడ్డాను.
ఎంతసేపో ఏమీ లేదు.
తర్వాత నా కుడిపాదం మీదుగా
ఏదో తడిగా, తొందరగా, దాటి వెళ్ళింది.
నాలుగు రూపాయి బిళ్ళల బరువుంటుందేమో,
అంతే.