రంగు లేని రంగు

డై అంటం మేం. ఫారంల రంగుమందు అని రాస్తం.
సీసాల చూస్తే ఏ రంగూ లేదు,
నీళ్ళ లెక్కనే ఉంటది.
వేళ్ళకంటితే మాత్రం బంక బంక.

నల్లగొండల ఈ సల్లటి గదిల
ఆరు కిలోల సీసం అంగీ తొడుక్కొని
తొమ్మిదేండ్ల సంది నిలబడుతున్న.
మంది మొఖాలు మర్చిపోత,
గుండెకాయలు యాదికుంటయి.

ఇయ్యాల రెండో కేసు
బొడ్డుపల్లి ఈదమ్మ, అరవై మూడు,
చండూరు దాటినంక ఏదో ఊరు.
బల్ల మీద ఎల్లెలకల పండమంటే నవ్వింది.
"అట్ల పండి పన్నెండేండ్లాయె బిడ్డా,
నా ఈపు కొడవలైంది, నేలకు ఆనదు."
రెండు దిండ్లు, మడతపెట్టిన నాలుగు దుప్పట్లు,
మెడ కింద కోడలి శాలువ.
ఆమె వంపుకు తగ్గట్టు ఒక గట్టు కట్టినం.
మిషన్ చెయ్యి ఆ గట్టు సుట్టూ తిరగాలంటే
కొలతలన్నీ మల్ల మొదటి నుంచి.

మణికట్టు కాడ నాడి దొరికింది.
సూది, తీగ, సన్నటి గొట్టం.
రంగు ఇంకా ఎక్కియ్యకముందే
తెర మీద పక్కటెముకలు.
మా జిల్లా ఎముకలు నాకు ఎరికే.
ఫిలిం మీదైతే సున్నమేసినట్టు తెల్లగ,
ఈ తెర మీద తిరగబడి నల్లగ,
సిక్కగ, ఎలుతురును దూరనియ్యకుంట.
ఆ రంగు ఏ డాక్టరూ ఎక్కియ్యలే.
బోరింగు చేతిపిడి ఎక్కిచ్చింది,
బిందెకింత, బిందెకింత.

ఈదమ్మ తల తిప్పి సిరంజి దిక్కు చూసింది.
"గవి మంచినీళ్ళేనా బిడ్డా?"
"మందమ్మా."
"బోరువా, కృష్ణవా?"
సారు మాస్కు లోపట నవ్విండు.
నాకు నవ్వు రాలే.
నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుంట
ఒక్క ఫోటో దిగని మా అమ్మ
యాదికొచ్చింది.

"ఊపిరి బట్టు... వదులు."
రంగు ఉరికింది.
గుండె రెండు సార్లు కొట్టుకునేటంత సేపు
ఆకు రాల్చిన మోదుగ లెక్క
కొమ్మ, రెమ్మ, కొసరెమ్మ దాక నిలబడి
మాయమైంది.
ఇటు నుంచి ఒకసారి. అటు నుంచి ఒకసారి.
ఎక్కడ తెగలే, ఎక్కడ సన్నగ కాలే.
కుడివైపుది జర వంక తిరిగింది, అంతే.
"నరాలు సాఫ్. నొప్పి గుండెది కాదు" అన్నడు సారు.
మరి దేనిదని అడగలే ఈదమ్మ.

మణికట్టుకు పట్టీ బిగించి
మంచం మీదికి మార్చినం.
ఇగ చివరి మాట నాది.
అందరికీ చెప్పేదే, కాయిదం చూడకుంట చెప్పేదే:
"లోపటికి పోయిన మందు బయటికి పోవాలె అమ్మా,
పొద్దుగూకే దాక నీళ్ళు బాగ తాగు."

ఆమె నా మొఖం దిక్కే చూసింది.
కోడలు సంచిల నుంచి సీసా తీసి
మూత తిప్పుతున్నది.
"ఏం నీళ్ళు?" అన్నది ఈదమ్మ.

సీసా అందుకొని
ట్యూబులైటుకు అడ్డం పెట్టి చూసిన.
ఏ రంగూ లేదు.