తలుపు బల్ల

ఇస్త్రీ బల్ల మీద ఆరేళ్లు లెక్కలు రాశాను.
నాలుగు బకాలాలు, ఒక లాండ్రీ,
ఉల్లిగడ్డల బస్తాలు, అప్పు పద్దులు,
మధ్యలో ఓబులేసు యూనిఫాం చొక్కా.
కాలరు ఆరాకే కంప్యూటర్ తెరవాలి.
ఎడమ మోచేతి కింద ఇప్పటికీ
ఆ బల్ల అంచు గీసిన గీత ఉంది.

ఈసారి సొంత బల్ల అన్నాను.
ఫర్వానియాలో మా గదికి టేపు పట్టాను:
వాషింగ్ మిషనుకీ పిల్ల మంచానికీ నడుమ
నాలుగడుగుల రెండంగుళాలు.
అంతే నా ఆఫీసు.

పెద్ద షాపులో తెల్ల బల్ల చూశాను.
వేలితో తడితే అట్టపెట్టెలా పలికింది.
"నీళ్లు పడకుండా చూసుకోండి" అన్నాడు.
నీళ్లు పడని ఇల్లు ఏదయ్యా
అనుకుంటూ బయటికొచ్చేశాను.

శుక్రవారం సంతలో, విరిగిన సోఫాల వెనక,
ఎండకు వీపు పెట్టుకుని ఒక తలుపు.
ఒంటిరెక్క. ఎక్కడో కూల్చిన పాత ఇంటిది.
"సాజ్" అన్నాడు ముసలాయన, అరచేత్తో చరిచి.
గోటితో గీకాను. బూడిద కింద తేనెరంగు.
టేకు.
నాకంటే చాలా ముందే, ఏ పడవలోనో,
అకామా అడగని రోజుల్లో దిగినట్టుంది.
పదిహేను అన్నాడు. ఎనిమిది అన్నాను.
తొమ్మిదిన్నర దినార్లకు ఇద్దరం అలిగి ఒప్పుకున్నాం.
ద్వారబంధం ముక్కలు రెండు కొసరు.

వీరాచారిది మెట్‌పల్లి పక్క.
పదకొండేళ్లుగా ఇక్కడ కంపెనీలో
పొట్టు పలకలకు కాగితం అతికిస్తాడు.
తలుపు మీద వంగి ముందు వాసన చూశాడు.
"గిది కట్టెనమ్మా" అన్నాడు,
నోటిచివర ఉన్న పేరేదో గుర్తొచ్చినట్టు.

డాబా మీద, నీళ్ల ట్యాంకుల నీడలో
రెండు శుక్రవారాలు చిత్రిక పట్టాడు.
తాళం కంత ఉన్నవైపు ఉంచి
నా నాలుగడుగులకు కోశాడు.
ఉప్పుకాగితం నా చేతిలో పెట్టి
"నార ఎటు పోతే అటే రుద్దాలె.
అడ్డం రుద్దితే కట్టె యాది పెట్టుకుంటది" అన్నాడు.
రాత్రి అన్నం కలిపితే
చింతపండు పులుసులో కూడా టేకు వాసన.

తాళం కంత పూడుస్తానన్నాడు, బంకా పొట్టూ కలిపి.
వద్దన్నాను. చార్జర్ వైరు దూరుతుంది.
అదీగాక, ఎవరో ఒకప్పుడు
అందులోంచి వీధిని చూసి ఉంటారు.
మూసే హక్కు నాకెక్కడిది.

"కాళ్లకు కుసి దింపి బంక పెట్టాల్నా, స్క్రూలా?"
ఉలి చేతిలో పట్టుకుని అడిగాడు.
కుసి దింపితే కదలదు.
స్క్రూలయితే విప్పి మోసుకుపోవచ్చు.
ఓబులేసు వైపు చూశాను. అతను ట్యాంకు వైపు చూశాడు.
అకామా ఏడాదికోసారి, అద్దె నెలకోసారి,
పిల్ల చెప్పులు ఆరునెలలకోసారి.
ఏ లెక్కన చెప్పను?
"స్క్రూలే" అన్నాను.
మూడు కాళ్లకు స్క్రూలు బిగించి
నాలుగోదానికి చెప్పకుండా కుసి దింపాడు.
అయిపోయాక చూశాను.
"గదొక్కటి ఉండనీ" అన్నాడు.
పొట్టంతా కవరులో ఎత్తుకుని పోయాడు.
ఎందుకని అడగలేదు.

రెండో పూత వార్నిషు తడిగా ఉండగా తూజ్ లేచింది.
ఆకాశమంతా ఇటుకపొడి.
దుప్పటి పట్టుకుని మెట్లెక్కేసరికి
ఎడారి ముందే వచ్చి కూర్చుంది.
ఆరాక తడిమితే చేప పొలుసు గరుకు.
మళ్లీ రుద్దడం మొదలుపెట్టాను.
సగంలో ఉండగా అయిదో తారీఖు వచ్చింది,
బకాలాలకు లెక్కలు ఇవ్వాలి.

ఇప్పుడు ఒక మోచెయ్యి నున్నగా,
ఒక మోచెయ్యి ఇసుకలో.
నేల వంకర. నాలుగో కాలి కింద
రసీదు మడిచి పెట్టాను.
వైరు పక్కన కంతలో ఒక కన్ను.
బల్ల కిందనుంచి పిల్ల,
"అమ్మా, తలుపు తియ్" అంటోంది.

ఉండుమే,
రెండువందల యాభై ఫిల్సు
ఎక్కడో తేడా వస్తోంది.