మూడు పావుల పువ్వు

దేవరకొండల రోడ్డు వెడల్పుకు
బుర్హాన్ సాబు ముందటి అర్ర కూలింది.
గడ్డపార పడ్డకాడల్లా
పూల బండలు పండ్లోలె రాలుతున్నయి.

"కూలి రేపియ్యి గుత్తేదారూ,
ఇవి నాకిడువు" అన్నది మా జంగమ్మత్త.
పొద్దుమీకెదాంక ఉలితోని సున్నం గీకి
చింతపండుతోని తోమి
గోనెసంచిల మోసుకొచ్చింది.

నాలుగు బండలు కలిస్తెనే ఒక పువ్వు.
దక్కినయి పదకొండు.

జాలాట్ల పరిచినం.
రెండు పూలు నిండినయి.
మూడోదానికి ఒక పావు తక్కువ,
అక్కడ షాబాదు ముక్క అతికిస్తుంటే
"గిదేం అతుకత్తా" అని నేను నవ్విన.
అత్త నవ్వలె.

మొన్న బుర్హాన్ సాబు వచ్చిండు.
చాయ ఆరిపోతున్నా ముట్టలె.
జాలాటి కాడ చెప్పులు విడిచి,
ఒంటికాలు మీద తడబడుకుంట
ఆ బూడిదరంగు ముక్క మీదనే నిలబడ్డడు,
పువ్వు తొక్కకుంట.